కెనడా పీఆర్ నిలబడాలంటే 730 రోజులు: లెక్క ఎలా వేస్తారు, మన కుటుంబాలు ఎక్కడ తప్పుతున్నాయి

భర్త జెద్దాలో ఉద్యోగం, భార్యాపిల్లలు మిస్సిసాగాలో, అమ్మీ అబ్బా టోలీచౌకీలో. ఇలా మూడు దేశాల్లో విడిపోయి బతుకుతున్న కుటుంబాలు ఇప్పుడు మనలో కొత్తేమీ కాదు. కర్నూలు, కడప, గుంటూరు వైపు కూడా ప్రతి మొహల్లాలో ఇలాంటి ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. గల్ఫ్‌లో ఎన్నేళ్లు పనిచేసినా అక్కడ స్థిరనివాసం దొరకదు కాబట్టి, పిల్లల భవిష్యత్తు కోసమని కెనడా పీఆర్ తీసుకుంటారు. పీఆర్ చేతికొచ్చాక అందరం కలిసి అక్కడ దిగుతాం, నెలో రెండు నెలలో ఉంటాం. తర్వాత సంపాదన కోసం ఇంటాయన మళ్లీ గల్ఫ్ విమానం ఎక్కేస్తాడు.

ఎవరైనా "మరి పీఆర్ సంగతేంటి భాయ్?" అని అడిగితే వచ్చే జవాబు ఒకటే: "కార్డు మీద ఇంకా మూడేళ్లు డేట్ ఉంది, ఫికర్ లేదు."

ఫికర్ పడాల్సింది సరిగ్గా ఇక్కడే. కార్డు మీది తేదీకీ, మీ పీఆర్ హోదాకీ నేరుగా సంబంధం లేదు. కార్డు గడువు ముగిసినంత మాత్రాన పీఆర్ పోదు, కార్డుకు గడువు ఉన్నంత మాత్రాన పీఆర్ భద్రంగా ఉన్నట్టూ కాదు. కార్డు ప్రయాణానికి పనికొచ్చే ఒక రుజువు మాత్రమే. హోదా నిలబడేది మీరు కెనడా నేల మీద గడిపిన రోజుల మీద.

చట్టం ఏమంటోంది

2002 నుంచి అమల్లో ఉన్న కెనడా ఇమిగ్రేషన్ చట్టంలో 28వ సెక్షన్ దీని గురించే. ప్రతి ఐదేళ్ల కాలంలో కనీసం 730 రోజులు కెనడాలో ఉండాలి. అంటే ఐదేళ్లలో రెండేళ్లు. ఆ 730 రోజులు వరసగా ఉండాల్సిన పని లేదు. ముక్కలు ముక్కలుగా ఉండొచ్చు, ఒక్కసారే రెండేళ్లు ఉండి మూడేళ్లు బయట గడపొచ్చు. దిగిన రోజు, బయల్దేరిన రోజు కూడా లెక్కలోకి వస్తాయి. ఇంతవరకు చూస్తే ఈ నిబంధన నిజానికి ఉదారమైనదే.

తికమక అంతా "ఐదేళ్లు" అన్న మాట దగ్గర వస్తుంది. చాలామంది దాన్ని కార్డు తేదీ నుంచి కార్డు తేదీకి లెక్కేస్తారు. అది తప్పు. పీఆర్ వచ్చి ఐదేళ్లు నిండినవారికి, అధికారి మీ లెక్క చూసిన రోజు నుంచి వెనక్కి ఐదేళ్లు చూస్తాడు. ఈ రోజు ఎయిర్‌పోర్టులో అడిగితే ఈ రోజు నుంచి వెనక్కి, ఆరు నెలల తర్వాత అడిగితే ఆ రోజు నుంచి వెనక్కి. ఆ ఐదేళ్ల కిటికీ రోజూ ఒక్కో రోజు ముందుకు జరుగుతూనే ఉంటుంది. కొత్త రోజు ఒకటి చేరితే, ఐదేళ్ల కిందటి రోజు ఒకటి రాలిపోతుంది.

పీఆర్ వచ్చి ఐదేళ్లు ఇంకా నిండనివారికి లెక్క కొంచెం వేరు. దిగిన తేదీ నుంచి ఐదేళ్లు పూర్తయ్యేలోపు 730 రోజులు నిండే అవకాశం ఉందా లేదా అని చూస్తారు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒకాయన 2022 మార్చి 15న కుటుంబంతో టొరంటోలో దిగాడు. 40 రోజులుండి జెద్దా వెళ్లిపోయాడు. ఆయన మొదటి ఐదేళ్లు 2027 మార్చి 14తో ముగుస్తాయి. ఇంకా 690 రోజులు కావాలి. వెనక్కి లెక్కపెడితే, 2025 ఏప్రిల్ 24 నాటికి ఆయన కెనడాలో దిగి, అక్కడి నుంచి ఒక్క రోజు కూడా బయటకు పోకుండా ఉంటేనే లెక్క సరిపోతుంది. ఆ తేదీ దాటిన మరుసటి రోజు నుంచే ఆయన నిబంధన అందుకోలేని స్థితిలో ఉన్నాడు. ఆ సమయంలో ఆయన జేబులో ఉన్న కార్డుకి ఇంకా దాదాపు రెండేళ్ల గడువు ఉంది! "డేట్ ఉంది కదా" అన్న ధీమాతో 2026లో వచ్చి ఎయిర్‌పోర్టులో నిలబడితే, అధికారి అడిగే మొదటి ప్రశ్నకే జవాబు ఉండదు.

కాబట్టి ప్రతి ఇంట్లో ఒక కాగితం మీద ఇంటిల్లిపాదికీ విడివిడిగా "ఫలానా తేదీలోపు వెళ్లాలి" అని ఇలా వెనక్కి లెక్కపెట్టి రాసి పెట్టుకోవాలి. భార్య లెక్క వేరు, భర్త లెక్క వేరు, పిల్లల లెక్క వేరు. ఒకరి రోజులు ఇంకొకరికి చేరవు.

గల్ఫ్‌లో ఉన్నవారు పడే గుంట

కెనడా బయట ఉన్నా రోజులు లెక్కలోకి వచ్చే సందర్భాలు కొన్ని ఉన్నాయి. వీటి గురించి సగం సగం విన్నవారే ఎక్కువగా దెబ్బతింటున్నారు.

మొదటిది, కెనడా పౌరసత్వం ఉన్న భర్త లేదా భార్యతో కలిసి బయటి దేశంలో ఉండటం. పిల్లలైతే పౌరసత్వం ఉన్న తల్లి లేదా తండ్రితో. ఇక్కడ "కలిసి" అన్న మాటే ప్రాణం. భార్య మిస్సిసాగాలో ఉండి సిటిజన్ అయింది, భర్త రియాద్‌లో ఉన్నాడు. "నా బీవీ సిటిజన్ కదా, నా రోజులు లెక్కలోకి వస్తాయి" అని ఆయన అనుకుంటాడు. రావు. ఇద్దరూ ఒకే ఇంట్లో బయటి దేశంలో ఉంటేనే వస్తాయి. ఆమె సెలవుల్లో రియాద్ వచ్చి ఆయనతో ఉన్న రోజులు లెక్కలోకి రావచ్చు, అంతే. ఇద్దరూ కలిసే ఉన్నా, ఎవరు ఎవరి వెంట వెళ్లారన్న ప్రశ్న కొన్ని కేసుల్లో కోర్టుల దాకా పోయింది. భార్య సిటిజన్ అవ్వకముందు, పీఆర్‌గా ఉన్న కాలానికైతే ఈ మినహాయింపు అసలు వర్తించదు.

రెండోది, కెనడా కంపెనీ తరఫున బయట పనిచేయడం. కెనడాలో నిజంగా వ్యాపారం నడుస్తున్న కంపెనీ, లేదా అక్కడి ఫెడరల్, ప్రొవిన్షియల్ ప్రభుత్వం మిమ్మల్ని ఫుల్‌టైమ్ ఉద్యోగిగా బయటి దేశానికి పంపాలి. ఆ పని అయ్యాక మళ్లీ కెనడాలోని కొలువుకి తిరిగి వచ్చే ఏర్పాటు ఉండాలి. దుబాయ్‌లో ఉన్న కెనడా కంపెనీ బ్రాంచిలో అక్కడికక్కడే చేరిన ఉద్యోగం దీని కిందకి రాదు. పీఆర్ కాపాడుకోవడం కోసమే బంధువుల పేరు మీద తెరిచిన కాగితం కంపెనీ గురించైతే నిబంధనల్లోనే స్పష్టంగా రాసి ఉంది: అది కెనడా వ్యాపారంగా లెక్కకు రాదు.

మూడోది, పైన చెప్పినట్టు కెనడా కంపెనీ లేదా ప్రభుత్వం బయటికి పంపిన పీఆర్ ఉద్యోగి వెంట వెళ్లిన భార్య లేదా భర్త, పిల్లలు. వారి రోజులు కూడా లెక్కలోకి వస్తాయి.

ఇవి తప్ప సఊదీలో, ఖతర్‌లో, హైదరాబాద్‌లో గడిపిన రోజులేవీ రావు. ఉమ్రాకి వెళ్లిన పది రోజులు కూడా బయట ఉన్న రోజులే.

పిల్లల్ని నానీ దగ్గర వదిలితే

అమ్మా నాన్నా కెనడాలోనే ఉండి, పిల్లాడిని మాత్రం హిఫ్జ్ కోసమో, ఇక్కడి చదువు కోసమో నానీ ఇంట్లో వదిలే కుటుంబాలున్నాయి. తల్లిదండ్రుల పీఆర్‌కి ఏమీ కాదు, వాళ్లు అక్కడే ఉన్నారు. కానీ పిల్లాడి పీఆర్ పిల్లాడిదే. హిఫ్జ్ మూడేళ్లు పట్టిందనుకోండి, ఐదేళ్లలో బయట ఉండగలిగే గడువు మొత్తం అక్కడే అయిపోయింది. మిగతా రెండేళ్లు ఎక్కడికీ కదలకుండా కెనడాలో ఉండాలి. మధ్యలో ఒక షాదీకి వచ్చి నెలరోజులున్నా లెక్క తప్పుతుంది.

చిన్నపిల్లల విషయంలో అధికారులు పిల్లల మేలు చూడాలని చట్టమే చెబుతుంది. బయట ఉండాలన్న నిర్ణయం పిల్లవాడిది కాదు, పెద్దవాళ్లది అన్నదీ వాదనకి పనికొస్తుంది. అయినా అది వాదించి గెలుచుకోవాల్సిన విషయం, దానంతటదే దొరికే మాఫీ కాదు. పంపే ముందే రోజులు లెక్కపెట్టుకుంటే సరిపోయేదానికి అంత దూరం ఎందుకు?

అబ్బా ఆస్పత్రిలో ఉంటే, అమ్మీ ఇద్దత్‌లో ఉంటే

ఇంటికి రావాల్సిన కారణాలు ఎప్పుడూ షాదీలే కావు. అబ్బాకి పక్షవాతం వస్తుంది, అమ్మీకి డయాలసిస్ మొదలవుతుంది. భర్త పోయిన ఆడపడుచు ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు ఇక్కడే గడపాల్సి వస్తుంది. వీటి కోసం 730 రోజుల్లో మినహాయింపు ఏమీ లేదు. అయితే రోజులు తగ్గినప్పుడు మానవతా కారణాల మీద హోదా నిలబెట్టే అధికారం అధికారికి ఉంది.

ఆ కారణాలు ఎలా తూకం వేస్తారో తెలుసుకుంటే మనం ఏ కాగితాలు దాచుకోవాలో అర్థమవుతుంది. ఎన్ని రోజులు తగ్గాయి? ఎందుకు వెళ్లారు, ఎందుకు ఉండిపోయారు? కారణం తీరిన వెంటనే తిరిగి రావడానికి ప్రయత్నం చేశారా? కెనడాలో ఇల్లు, ఉద్యోగం, కుటుంబం ఏమున్నాయి? హోదా పోతే ఎవరికి ఎంత కష్టం? ఇవీ ప్రశ్నలు. 20 రోజులు తగ్గినవారికీ, 600 రోజులు తగ్గినవారికీ ఒకే కారణం ఒకేలా పనిచేయదు.

తల్లిదండ్రుల సేవ కోసం ఉండిపోయామని చెప్పేవారికి తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అక్కడే ఉన్నారు కదా, మీరే ఎందుకు ఉండాల్సి వచ్చింది?" మన ఇళ్లల్లో ఎవరూ ఇలా అడగరు. పెద్దకొడుకు ఉండాలి, ఉన్నాడు, అంతే. అక్కడ మాత్రం దీనికి కాగితంతో జవాబు చెప్పాలి. ఆస్పత్రి డిశ్చార్జ్ సమ్మరీ, డాక్టర్ రాసిచ్చిన లెటర్, మరణ ధ్రువీకరణ పత్రం, రద్దు చేసుకున్న టికెట్లు, మిగతా తోబుట్టువులు ఎక్కడున్నారో చూపే ఆధారాలు. అన్నీ తేదీలతో. ఆస్పత్రి బిల్లు కట్టేశాక పారేసే కాగితాలే తర్వాత ఆదుకుంటాయి.

గల్ఫ్‌లో జీతం ఎక్కువ, కెనడాలో మా చదువుకు తగ్గ ఉద్యోగం దొరకలేదు అన్న కారణం నిజమే కావచ్చు. కానీ దాన్ని ఎక్కువసార్లు మీరు కోరి చేసుకున్న ఎంపికగానే చూస్తారు. దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

కార్డు గడువు ఇక్కడ ఉండగా ముగిస్తే

పీఆర్ కార్డు కొత్తది కావాలంటే కెనడాలో ఉండే దరఖాస్తు చేయాలి, అక్కడి అడ్రసుకే పంపుతారు. హైదరాబాద్‌లో ఉండగా గడువు ముగిస్తే విమానం ఎక్కనివ్వరు. అప్పుడు కావాల్సింది పర్మనెంట్ రెసిడెంట్ ట్రావెల్ డాక్యుమెంట్. సాధారణంగా ఒకసారి ప్రవేశానికి ఇస్తారు. దీనికి దరఖాస్తు పెట్టడమంటే మీ ఐదేళ్ల లెక్క మొత్తం విప్పి అధికారి ముందు పెట్టడమే. రోజులు సరిపోతే ఇబ్బంది లేదు. తగ్గితే, కారణాలన్నీ, రుజువులన్నీ దరఖాస్తుతోనే పెట్టాలి. తర్వాత చెబుదాంలే అనుకుంటే కుదరదు.

తిరస్కరిస్తే రాతపూర్వక నిర్ణయం అందిన 60 రోజుల్లోపు కెనడాలోని ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కి అప్పీల్ చేసుకోవచ్చు. చాలామందికి తెలియని వెసులుబాటు ఇంకొకటి ఉంది. నిర్ణయానికి ముందు 365 రోజుల్లో ఒక్కసారైనా కెనడాలో అడుగుపెట్టి ఉంటే, అప్పీల్ పెండింగ్‌లో ఉండగా అక్కడికి వెళ్లడానికి ట్రావెల్ డాక్యుమెంట్ పొందే హక్కు ఉంది. ఏడాది దాటిపోతే ఈ హక్కు గట్టిగా ఉండదు, ఇక్కడి నుంచే పోరాడాల్సి రావచ్చు.

గడువున్న కార్డుతో నేరుగా కెనడా ఎయిర్‌పోర్టుకి చేరినవారి పరిస్థితి వేరు. పీఆర్ హోదా ఉన్నంతకాలం లోపలికి రానివ్వాల్సిందే, తిప్పి పంపలేరు. కానీ రోజులు తగ్గాయని తేలితే అధికారి రిపోర్టు రాసి, దేశం విడిచి వెళ్లాలన్న ఉత్తర్వు ఇవ్వొచ్చు. దాని మీద అప్పీల్‌కి గడువు 30 రోజులే. అప్పీల్ తేలేదాకా మీరు ఇంకా పీఆరే, అక్కడే ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. కాకపోతే రిపోర్టు రాసిన రోజు నుంచి మీరు ఉండే రోజులు లెక్కలో చేరవు. అప్పీల్ గెలిస్తేనే మళ్లీ చేరతాయి.

ఇలాంటి సమయంలో "దీని మీద సంతకం పెట్టేయండి, పీఆర్ వదిలేసుకుంటున్నట్టు, సులువుగా అయిపోతుంది" అన్న మాట వినిపిస్తే తొందరపడకండి. స్వచ్ఛందంగా వదులుకుంటే అప్పీల్ హక్కు కూడా దాంతోనే పోతుంది. ఇక కెనడాకి తిరిగి స్థిరపడే ఉద్దేశమే లేని పెద్దవారికి మాత్రం అదే మంచి దారి కావచ్చు. ఎందుకంటే పీఆర్ ఉండగా విజిటర్ వీసా ఇవ్వరు. వదులుకున్నాక మనవల్ని చూడటానికి విజిటర్‌గా దరఖాస్తు చేసుకోవచ్చు.

రోజులు తగ్గి, ఇప్పటికే కెనడాలో ఉన్నవారు

ఎవరూ రిపోర్టు రాయకుండా లోపలికి వచ్చేసినవారికి కాలమే దారి చూపిస్తుంది. పైన చెప్పిన కిటికీ ముందుకు జరుగుతూ ఉంటుంది కదా. దిగిన రోజు నుంచి కదలకుండా రెండేళ్లు ఉంటే 730 నిండుతాయి, లోటు దానంతటదే తీరిపోతుంది. ఈ మధ్యలో పీఆర్ కార్డు రెన్యువల్‌కి పెట్టడం, ఎవరినైనా స్పాన్సర్ చేయడం లాంటివి మీ లెక్కని అధికారుల ముందుకి తెస్తాయి. కార్డు గడువు తీరినా లోపల ఉండటానికి హోదా ఉంది. ప్రయాణం మాత్రం మానుకోవాలి. ఎవరైనా అడిగితే నిజమే చెప్పాలి.

ఎందుకంటే అబద్ధం ఇప్పుడు నిలబడదు. 2020 నుంచి విమానంలో కెనడా విడిచి వెళ్లేవారి వివరాలు కూడా బోర్డర్ ఏజెన్సీకి చేరుతున్నాయి. అమెరికాతో ఉన్న భూసరిహద్దు దాటిన వివరాలు రెండు దేశాలూ పంచుకుంటాయి. కానీ ఈ-గేట్లు వచ్చాక పాస్‌పోర్టు మీద ముద్ర పడని చోట్లు పెరిగాయి, అందుకని మీ ప్రయాణాల తేదీలు మీరే రాసి పెట్టుకోండి. బోర్డింగ్ పాసులు దాచుకోండి. మీ ట్రావెల్ హిస్టరీ కావాలని బోర్డర్ ఏజెన్సీని అడిగి తీసుకునే వీలు కూడా ఉంది.

"మీరు గల్ఫ్‌లోనే ఉండండి, ఇక్కడ అడ్రసు, కరెంటు బిల్లు, జీతం స్లిప్ మేం చూపిస్తాం" అనే ఏజెంట్లు ఉన్నారు. బ్రిటిష్ కొలంబియాలో వందల మందికి దొంగ అడ్రసులు, నకిలీ పాస్‌పోర్టు ముద్రలు, లేని ఉద్యోగాలు సృష్టించిన ఒక కన్సల్టెంటుకి 2015లో ఏడేళ్ల జైలుశిక్ష పడింది. ఆయన జైలుకి పోవడంతో కథ అయిపోలేదు, ఆయన ఫైళ్ల ఆధారంగా అధికారులు క్లయింట్ల మీద పడ్డారు. రోజులు తగ్గితే మానవతా కారణాలు చెప్పుకునే చోటు ఉంటుంది. అబద్ధపు కాగితం పెట్టి హోదా పోగొట్టుకుంటే ఐదేళ్లు కెనడా గుమ్మం తొక్కలేరు. సలహా కావాలంటే అక్కడి లైసెన్సున్న లాయరునో, అధికారిక రిజిస్టర్‌లో పేరున్న కన్సల్టెంటునో పట్టుకోండి. ఆ రిజిస్టర్ ఆన్‌లైన్‌లో ఎవరైనా చూసుకోవచ్చు.

హోదా పోయినా కుటుంబం మొత్తానికి తలుపు మూసుకుపోయినట్టు కాదని కూడా చెప్పాలి. భార్య పీఆర్‌గానో, సిటిజన్‌గానో కెనడాలో ఉంటే భర్తని మళ్లీ స్పాన్సర్ చేయవచ్చు. టైమ్ పడుతుంది, ఖర్చవుతుంది, దారైతే ఉంది.

పౌరసత్వం తీసుకుంటే ఈ లెక్కే ఉండదు

ఐదేళ్లలో 1,095 రోజులు, అంటే మూడేళ్లు, కెనడాలో ఉంటే పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. దొరికాక 730 గొడవ ఉండదు. కానీ భారత్ రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, మన పాస్‌పోర్టు వదిలేయాలి. ఓసీఐ కార్డు ఉంటుంది కదా అంటారు. హైదరాబాద్ కుటుంబాలు ఇక్కడ ఒక్కసారి ఆగి చూసుకోవాలి: దరఖాస్తుదారుగానీ, తల్లిదండ్రుల్లో, తాతల్లో, ముత్తాతల్లో ఎవరైనాగానీ ఎప్పుడైనా పాకిస్తాన్ లేదా బంగ్లాదేశ్ పౌరులుగా ఉంటే ఓసీఐ రాదు. దేశ విభజన తర్వాత కరాచీ వెళ్లిపోయిన దాదా ఉన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

అమెరికా గ్రీన్‌కార్డు ఉన్న అమ్మీ అబ్బాల సంగతి

అమెరికాలో ఇలా రోజుల లెక్క లేదు, అదే అసలు ఇబ్బంది. అక్కడ చూసేది మీ శాశ్వత నివాసం నిజంగా అమెరికాయేనా అన్నది. 180 రోజులు దాటి బయట ఉండి తిరిగొస్తే కొత్తగా ప్రవేశం కోరుతున్నవారిలా ప్రశ్నించవచ్చు. ఏడాది దాటితే గ్రీన్‌కార్డు ఒక్కటే చూపించి లోపలికి వెళ్లలేరు. కొడుకు స్పాన్సర్ చేసిన తల్లిదండ్రులు ఆరు నెలలకోసారి వెళ్లి, రెండు వారాలు ఉండి, ముఖం చూపించి వచ్చేస్తుంటారు. ఒక్కో ప్రయాణం ఆరు నెలలకి తక్కువే అయినా, ఉండేది గుంటూరులో, వెళ్లేది చుట్టపుచూపుగా అని తేలితే ప్రశ్నలు తప్పవు.

ఎక్కువకాలం ఇక్కడ ఉండాల్సి వస్తుందని ముందే తెలిస్తే రీఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. దరఖాస్తు పెట్టేనాటికి అమెరికాలోనే ఉండాలి, ఇక్కడికి వచ్చాక కుదరదు. రెండేళ్ల దాకా పనికొస్తుంది. అది లేకుండా ఏడాది దాటిపోతే, మన చేతిలో లేని కారణాల వల్ల ఆగిపోయామని రుజువులతో చూపించి కాన్సులేట్ ద్వారా రిటర్నింగ్ రెసిడెంట్ వీసాకి ప్రయత్నించాలి. అది అందరికీ దొరికేది కాదు. ఎయిర్‌పోర్టులో గ్రీన్‌కార్డు వదులుకుంటున్నట్టు ఫారమ్ మీద సంతకం పెట్టమంటే పెట్టి తీరాలన్న నియమం లేదు. జడ్జి ముందు చెప్పుకుంటామని అడిగే హక్కు ఉంది. ఇంగ్లీషు అంతగా రాని పెద్దవారు ఒంటరిగా ప్రయాణం చేస్తుంటే, ఈ ఒక్క సంగతి విమానం ఎక్కే ముందే వారికి ఉర్దూలోనో తెలుగులోనో విడమరచి చెప్పి పంపండి.